పాత షెవ్రొలే సీ-10లో ఆటోమేటిక్ దించి మాన్యువల్ గేర్‌బాక్స్ ఎక్కించడం ఎలా

ఈ పని మొదలుపెట్టేవాళ్లంతా గేర్‌బాక్స్ గురించే ఆలోచిస్తారు. నిజానికి మొత్తం పనిలో సులువైన భాగం అదే. పాతది ఒక మధ్యాహ్నంలో దిగిపోతుంది, కొత్తది ఇంకో మధ్యాహ్నంలో ఎక్కుతుంది. వారాల తరబడి బండిని స్టాండ్ల మీద ఉంచేవి చిన్న సామాన్లు: క్లచ్ పెడల్, దాని లింకేజీ, వేలెడంత బుష్, ఆరు ఫ్లైవీల్ బోల్టులు, స్టీరింగ్ కాలమ్, షాఫ్ట్ పొడవు. అందుకే ఈ వ్యాసంలో గేర్‌బాక్స్ కంటే వాటి గురించే ఎక్కువ చెబుతాను.

నా బండి 1979 సీ-10 పికప్, 350 క్యూబిక్ అంగుళాల వీ8, వెనక చక్రాల డ్రైవ్. టెక్సస్‌లో ఇంటి గరాజ్‌లోనే ఈ పని చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి గేర్ రాడ్డు చేతిలో లేని ట్రక్కు నాకు సగం బండిలాగే అనిపించేది. అమెరికాలో 1973 నుంచి 1987 వరకు వచ్చిన ఈ చదరపు ఆకారపు షెవ్రొలేలను స్క్వేర్ బాడీ అంటారు. కంపెనీ వీటిని ఆటోమేటిక్‌తోనూ, మాన్యువల్‌తోనూ అమ్మింది కాబట్టి కావలసిన ప్రతి సామానూ ఏదో ఒక పాత బండిలో దొరుకుతుంది. ఇక్కడ చెప్పేది టీహెచ్-350 ఆటోమేటిక్ తీసి ఎస్ఎం-465 అనే నాలుగు గేర్ల బాక్స్ వేయడం గురించి. మీది వేరే బండి అయితే కొలతలు మారతాయి, పని వరస మాత్రం దాదాపు ఇదే.

పానా పట్టకముందు

గ్లవ్ బాక్స్ తెరిచి, లోపల అంటించి ఉన్న స్టిక్కర్ చదవండి. ఫ్యాక్టరీలో ఏం వేశారో కోడ్‌ల రూపంలో ఉంటుంది. ఎం38 అంటే టీహెచ్-350. ఎం20 అంటే ఎస్ఎం-465. జీయూ4 అని ఉంటే వెనక యాక్సిల్ నిష్పత్తి 3.08, జీయూ6 అయితే 3.42, జీటీ4 అయితే 3.73. అయితే ఇన్నేళ్లలో ఇంజిన్ గానీ యాక్సిల్ గానీ ఎవరైనా మార్చి ఉండొచ్చు. స్టిక్కర్ చూశాక బండి కిందకి వెళ్లి కూడా చూడండి.

ఎస్ఎం-465లో మొదటి గేరు 6.55, రెండోది 3.58, మూడోది 1.70, నాలుగోది 1.00. టీహెచ్-350 టాప్ గేరు కూడా 1.00 కాబట్టి హైవే మీద ఇంజిన్ తిరుగుడు పెద్దగా మారదు, యాక్సిల్ ముట్టుకోనక్కర్లేదు. మొదటి గేరు బరువు లాగడానికి, బురదలోంచి బయటపడడానికి మాత్రమే. రోజూ రెండో గేరులోనే కదలాలి. హైవే మీద ఇంజిన్ చప్పుడు తగ్గాలి, పెట్రోలు మిగలాలి అనుకునేవాళ్లకు ఇది సరిపోదు. ఓవర్‌డ్రైవ్ ఉన్న అయిదు గేర్ల బాక్స్ చూసుకోవాలి. నాకు కావలసింది దశాబ్దాల తరబడి అరగని ఇనుప బాక్స్. దీని బరువు సుమారు 80 కిలోలు. ఒంటరిగా చేతులతో ఎత్తే సాహసం వద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సామాను విడివిడిగా కొనకండి. ఫ్యాక్టరీ మాన్యువల్‌తో వచ్చిన, మీ బండి వీల్‌బేసే ఉన్న పాత సీ-10 ఒకటి వెతికి, దాన్నుంచి మొత్తం సెట్టు తీసుకోండి. పొట్టి బండి వీల్‌బేస్ 117.5 అంగుళాలు, పొడుగుది 131.5. గేర్‌బాక్స్, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ బాక్స్‌కీ మధ్య ఉండే గంట ఆకారపు కవచం), ఫ్లైవీల్, క్లచ్ ఫోర్క్, దాని బూటు, పెడల్స్ రెండూ బ్రాకెట్‌తో సహా, లింకేజీలో ప్రతి రాడ్డూ, ప్రతి స్ప్రింగూ, ప్రతి క్లిప్పూ, ఫ్రేమ్‌కి ఉండే బ్రాకెట్, క్రాస్ మెంబర్, ప్రొపెల్లర్ షాఫ్ట్, ఫ్లోర్ మీది ఎత్తయిన రేకు మూత, స్టీరింగ్ కాలమ్. అమ్మేవాడు గేర్‌బాక్స్ ఒక్కటే చవగ్గా ఇస్తానంటే మొహమాటపడకుండా వద్దనండి. నేను లింకేజీ లేకుండా కొన్నాను. ఆ తర్వాత ఒక్కో రాడ్డు కోసం నెల రోజులు తిరిగాను. బాక్స్‌కి పెట్టిన డబ్బులో సగం వాటికే అయింది.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి నుంచి వచ్చిన ఎస్ఎం-465 వద్దు. దాని వెనక భాగం ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) కోసం చేసింది, మీ షాఫ్ట్ దానికి కుదరదు.

పాత బాక్స్ కొనేముందు ఆయిల్ కొంచెం తీయించి చూడండి. సన్నటి బూడిదరంగు పొడి మామూలే. మెరిసే ముక్కలు కనిపిస్తే వదిలేయండి. పైమూత విప్పనిస్తే టార్చి వేసి పళ్ల అంచులు చూడండి. మొదటి గేరుకూ రివర్సుకూ సింక్రో (గేరు పడేముందు పళ్ల వేగాలు కలిపే రింగు) ఉండదు కాబట్టి వాటి పళ్ల మూలలు కాస్త అరిగి ఉంటే భయపడొద్దు. రెండు, మూడు, నాలుగు మాత్రం శుభ్రంగా ఉండాలి.

పాతది దించడం

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. చక్రాలకు అడ్డు పెట్టి, బండిని నాలుగు స్టాండ్ల మీద సమతలంగా నిలబెట్టండి. జాకీ మీద ఉన్న బండి కిందకి తల పెట్టొద్దు. స్టాండ్ల మీద పెట్టాక కూడా రెండు చేతులతో గట్టిగా ఊపి చూసి, అప్పుడు దూరండి. ట్రాన్స్‌మిషన్ జాకీ అద్దెకు దొరుకుతుంది, తెచ్చుకోండి.

ముందు షాఫ్ట్ తీయండి. తర్వాత ఆయిల్ పాన్ నుంచి ద్రవం వంచేయండి. షిఫ్ట్ లింకేజీ, స్పీడోమీటర్ కేబుల్, కార్బురేటర్ నుంచి వచ్చే కిక్‌డౌన్ కేబుల్, డిప్‌స్టిక్ గొట్టం, రేడియేటర్‌కి వెళ్లే రెండు కూలర్ పైపులు విప్పండి. బాక్స్ వెనకవైపు వ్యాక్యూమ్ మాడ్యులేటర్‌కి ఒక సన్నటి గొట్టం వస్తుంది. దాని రెండో కొస ఇంటేక్ మానిఫోల్డ్ మీద ఉంటుంది. అక్కడ రబ్బరు మూత పెట్టడం మర్చిపోతే తర్వాత ఇంజిన్ ఐడిల్‌లో వణుకుతుంది, మీరేమో కొత్త క్లచ్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. రేడియేటర్‌లోని కూలర్ రంధ్రాలకు కూడా మరలున్న మూతలు బిగించండి. అందులోంచి నీళ్లు రావు, కానీ తెరిచి ఉంచితే లోపల తుప్పు పడుతుంది.

బెల్ హౌసింగ్ అడుగున ఉన్న రేకు తీస్తే టార్క్ కన్వర్టర్‌ని (ఇంజిన్ శక్తిని ద్రవం ద్వారా ఆటోమేటిక్ బాక్స్‌కి అందించే గుండ్రటి డబ్బా) ఫ్లెక్స్ ప్లేట్‌కి (ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ స్థానంలో ఉండే పలుచటి పళ్ల చక్రం) పట్టి ఉంచిన మూడు బోల్టులు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. అవి విప్పి, కన్వర్టర్‌ని వెనక్కి నెట్టండి. ఇంజిన్ వెనక భాగానికి కింద చెక్క పెట్టి ఆధారం ఇవ్వండి. ఆ తర్వాతే క్రాస్ మెంబర్ తీయాలి. బాక్సూ కన్వర్టరూ కలిసే దిగాలి. కన్వర్టర్ ముందుకు జారి కాలి మీద పడకుండా బాక్స్‌కి తాడుతో కట్టండి. అందులో ఇంకా చాలా ద్రవం ఉంటుంది, కింద ట్రే ఉంచండి.

ఇంజిన్ వెనక పని

ఇక్కడ తొందర పడితే మళ్లీ మొత్తం దించాల్సి వస్తుంది. నాకదే జరిగింది, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందుగా, మీ ఇంజిన్ ఏ కాలందో తేల్చుకోండి. బండి సంవత్సరం కాదు, ఇంజిన్ సంవత్సరం. 1985 వరకు వచ్చిన 350లకు వెనక ఆయిల్ సీలు రెండు ముక్కలు, ఫ్లైవీల్ బోల్టుల వృత్తం 3.58 అంగుళాలు. 1986 నుంచి సీలు ఒకే ముక్క, వృత్తం 3.00 అంగుళాలు. ఒకదాని ఫ్లైవీల్ ఇంకోదానికి పట్టదు. 400 ఇంజిన్ అయితే బ్యాలెన్సింగే వేరు. దాని ఫ్లైవీల్ 350కి వేస్తే బండి అదిరిపోతుంది. ఇంకో సంగతి, పాత ఫ్లెక్స్ ప్లేట్‌కి 168 పళ్లు ఉండి, ఫ్లైవీల్‌కీ 168 ఉంటే మీ స్టార్టర్ మోటారే పనికొస్తుంది. 153 పళ్లదానికి స్టార్టర్ బోల్టుల అమరిక వేరు. పళ్లు లెక్కపెట్టడం విసుగు పనే, అయినా మార్కర్ పెన్నుతో ఒక గుర్తు పెట్టుకుని లెక్కపెట్టండి.

ఫ్లెక్స్ ప్లేట్ బోల్టులు ఫ్లైవీల్‌కి వాడొద్దు. అవి పొట్టివి. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి కొని, మరలకు లాక్ చేసే జిగురు రాసి, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా 60 ఫుట్-పౌండ్లకు బిగించండి. అంటే సుమారు 81 న్యూటన్ మీటర్లు. పాత ఫ్లైవీల్ అయితే ముందే మెషిన్ షాపులో ముఖం నున్నగా చేయించుకోండి.

క్రాంక్ చివర మధ్యలో పైలట్ బుష్ కూర్చోవాలి. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొస తిరిగేది అందులోనే. ఆటోమేటిక్ బండిలో ఇది ఉండదు, ఖాళీ రంధ్రం మాత్రమే ఉంటుంది. కొన్ని ఆటోమేటిక్ క్రాంక్‌లలో ఆ రంధ్రం పూర్తి కొలతకు తీసి ఉండదు కూడా. అందుకే కాలిపర్‌తో కొలిచాకే బుష్ కొనండి. మామూలు కంచు బుష్ బయటి కొలత 1.094 అంగుళాలు, లోపలిది 0.591. దాన్ని రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి, ఓ గంట ఫ్రీజర్‌లో పెట్టి, సరిపడే సాకెట్‌తో తిన్నగా కొట్టండి. పాత బుష్ ఉంటే దాని వెనక తడి కాగితం ముద్దలు కుక్కుతూ, రంధ్రంలో సరిగ్గా పట్టే రాడ్డుతో కొడితే అదే వెనక్కి తన్నుకొస్తుంది.

ఇక బెల్ హౌసింగ్. ఇంజిన్ బ్లాక్ వెనక రెండు డోవెల్ పిన్నులు (బెల్ హౌసింగ్‌ని సరైన చోట నిలిపే మేకులు) ఉంటాయి. అవి లేకుండా బోల్టులతోనే బిగిస్తే మధ్యరేఖ తప్పుతుంది. పిన్నులున్నా సరే, కొలిచి చూడాలి. క్లచ్ ఇంకా వేయకముందే డయల్ గేజీ అయస్కాంతాన్ని ఫ్లైవీల్‌కి అంటించి, దాని కొన బెల్ హౌసింగ్ మధ్య రంధ్రం అంచుకు తగిలేలా పెట్టండి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. ముందు పుల్లీ బోల్టుకి పానా వేసి ఒకరు మెల్లగా తిప్పుతుంటే, మీరు కింద పడుకుని ముల్లును చూడండి. ఒక చుట్టులో ముల్లు మొత్తం ఊగేది 0.010 అంగుళం లోపు ఉండాలి. నా బండిలో 0.018 ఊగింది. అంటే మధ్యరేఖ 0.009 అంగుళం పక్కకు ఉందన్నమాట. ఇందుకోసమే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు 0.007, 0.014, 0.021 కొలతల్లో దొరుకుతాయి. 0.007వి తెచ్చి, సరైన వైపుకి తిప్పి వేశాక ముల్లు 0.004 మాత్రమే కదిలింది. తల వెంట్రుక మందం తేడా ఇంత పట్టించుకోవాలా అనిపిస్తుంది. పట్టించుకోవాలి. బుష్ త్వరగా అరగడానికి, గేరు మొండికేయడానికి, కొన్ని సార్లు టాప్ గేరులోంచి దానంతటదే ఊడి రావడానికి కారణం ఈ తేడాయే.

క్లచ్ ప్లేటుకి 1-1/8 అంగుళం, 10 స్ప్లైన్లు (షాఫ్ట్ మీది గాడుల్లో పట్టే పళ్లు) ఉండాలి. బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మీద పెట్టి చేతితో జరిపి చూడండి. ప్రెషర్ ప్లేట్ డయాఫ్రమ్ రకమా, మూడు వేళ్ల రకమా అన్నదాన్ని బట్టి రిలీజ్ బేరింగ్ పొట్టిదో పొడుగుదో అవుతుంది. కాబట్టి మూడూ ఒకే కిట్‌లో కొనండి. ప్లాస్టిక్ అలైన్‌మెంట్ టూల్‌తో ప్లేటును మధ్యలో నిలిపి, ప్రెషర్ ప్లేట్ బోల్టులు నక్షత్రం ఆకారంలో వరస మార్చుకుంటూ 35 ఫుట్-పౌండ్లకు బిగించండి. ప్లేటు ముఖానికి గ్రీజు వేలు తగలనివ్వొద్దు.

బాక్స్ ఎక్కించడం

జాకీ మీద బాక్స్‌ని గొలుసుతో కట్టి, ఇంజిన్ ఏ వాలులో ఉందో అదే వాలుకి తెచ్చి, తిన్నగా ముందుకు నెట్టండి. స్ప్లైన్లు కలవకపోతే బాక్స్‌ని టాప్ గేరులో వేసి, వెనక యోక్‌ని (ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలించే భాగాన్ని) చేత్తో అటూ ఇటూ కొంచెం తిప్పండి.

చివర అర అంగుళం దగ్గర ఆగిపోతుంది. అందరికీ ఆగేది అక్కడే. ఆ అర అంగుళాన్ని బోల్టులతో లాగొద్దు. రాత్రి పదకొండు దాటింది, చేతులు పీకుతున్నాయి, పొడుగు బోల్టులు వేసి లాగేశాను. ఠక్కుమని చిన్న శబ్దం వచ్చింది, కూర్చుంది కదా అనుకున్నాను. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే క్లచ్ పూర్తిగా తొక్కినా రెండో గేరు గరగరమంది. మళ్లీ దించి చూస్తే పైలట్ బుష్ ఒక పక్క నలిగిపోయి ఉంది, క్లచ్ ప్లేట్ మధ్యభాగం వంగింది. సరిగ్గా వరసలో ఉంటే బాక్స్ చేతి తోపుకే బెల్ హౌసింగ్‌ని తాకుతుంది. అలా తాకకపోతే వెనక్కి లాగి, వాలు చూసి, మళ్లీ ప్రయత్నించండి. అలిసిపోతే ఆపేసి పొద్దున్నే చేయండి.

క్రాస్ మెంబర్ స్థానం మారుతుంది. బాక్స్ వేలాడుతుండగానే కొలిచి, ఫ్రేమ్‌లో ఉన్న రంధ్రాలు కుదురుతాయేమో చూసి, లేకపోతేనే కొత్తవి వేయండి. ఫ్లోర్ కూడా అంతే. ముందే కోయొద్దు. షిఫ్టర్ పైకి వచ్చే చోటు కింది నుంచి గుర్తించి, దాత బండి (సామాను తీసుకున్న పాత బండి) రేకు మూతను అట్ట మీద పెట్టి గీసి, ఆ అట్టను ఫ్లోర్ మీద పరిచి, గీతకు లోపలగా కోయండి. ఎక్కువ కోస్తే అతకాలి, తక్కువ కోస్తే ఇంకొంచెం కోసుకోవచ్చు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ దాత బండిదే అయితే చాలా మటుకు అలాగే సరిపోతుంది. లేకపోతే బాక్స్, క్రాస్ మెంబర్ పూర్తిగా బిగించి, బండి చక్రాల మీద నిలబడ్డాక కొలిచి, షాఫ్ట్ షాపులో కోయించి బ్యాలెన్స్ చేయించండి. స్లిప్ యోక్ పూర్తిగా లోపలికి దిగకుండా ముప్పావు అంగుళం నుంచి అంగుళం వరకు వదలాలి. పాత యూనివర్సల్ జాయింట్ క్రాస్‌లు మళ్లీ వేయొద్దు, ఎలాగూ విప్పారు కదా.

పెడల్స్, లింకేజీ

డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని చేసే పని ఇది. మెడ పట్టేస్తుంది. సీటు తీసేస్తే సగం బాధ తగ్గుతుంది. బ్రేక్ బూస్టర్ నట్లు విప్పి, పైపులు తెరవకుండానే బూస్టర్‌ని ముందుకు జరిపి, పాత బ్రాకెట్ తీసి, రెండు పెడల్స్ ఉన్న బ్రాకెట్ ఎక్కించండి. ఆటోమేటిక్ బ్రేక్ పెడల్ వెడల్పుగా ఉంటుంది, అది తీసేయాల్సిందే.

ఈ బండ్లలో లింకేజీ రాడ్డులతోనే నడుస్తుంది. పెడల్ రాడ్డు ఒక అడ్డ షాఫ్టును తిప్పుతుంది, అది ఫోర్క్‌ని నెడుతుంది. ఆ షాఫ్ట్ ఒక కొస ఫ్రేమ్ బ్రాకెట్ మీద, రెండో కొస ఇంజిన్ బ్లాక్‌కి ఆయిల్ ఫిల్టర్ పైన బిగించే బంతి స్టడ్ మీద ఆనుతుంది. ఆ రంధ్రంలో దశాబ్దాల మడ్డి ఉంటుంది, ట్యాప్ వేసి మరలు శుభ్రం చేసుకోండి. బయటి కంపెనీ ఎగ్జాస్ట్ హెడర్లు వేసి ఉంటే అడ్డ షాఫ్టుకి తగులుతాయేమో ముందే చూసుకోండి. బుషులన్నీ కొత్తవి వేసి గ్రీజు పెట్టండి. పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పనిచేయడం మొదలయ్యేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరం) అంగుళం నుంచి అంగుళంన్నర వరకు ఉండాలి. అసలు ఫ్రీ ప్లే లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండి కాలిపోతుంది.

వైరింగ్, స్టీరింగ్ కాలమ్

ఆటోమేటిక్‌లో కాలమ్ కింద ఉండే న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ ద్వారా ఊదారంగు వైర్లు స్టార్టర్‌కి వెళ్తాయి. చాలామంది ఆ రెండు వైర్లనూ కలిపి మెలిపెట్టి వదిలేస్తారు. దయచేసి అలా చేయొద్దు. గేరులో ఉండగా ఎవరైనా తాళం తిప్పితే బండి ముందుకు దూకుతుంది, ముందు పిల్లలుండొచ్చు. ఆ రెండు వైర్ల మధ్య క్లచ్ పెడల్ స్విచ్ పెట్టండి. రివర్స్ లైట్ వైర్లను గేర్‌బాక్స్ మీది స్విచ్‌కి పొడిగించండి.

కాలమ్ విషయంలోనూ అంతే శ్రద్ధ కావాలి. పాత కాలమ్ ఉంచి, దాని గేరు లివర్‌ని పార్క్‌లో శాశ్వతంగా కట్టేసినవాళ్లు ఉన్నారు. లివర్ పార్క్‌లో ఉంటే తాళం లాక్ దాకా తిరుగుతుంది. అంటే బండి పరుగెత్తుతుండగా పొరపాటున తాళం వెనక్కి తిప్పితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. మాన్యువల్ బండి కాలమ్‌లో దీన్ని ఆపడానికి వేరే మీట ఉంటుంది. అందుకే దాత బండి కాలమ్ కూడా తెచ్చుకోమన్నాను. ఇక మీకు పార్క్ అనేది లేదు కాబట్టి హ్యాండ్ బ్రేక్ కేబుల్స్ పనిచేస్తున్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

రోడ్డు ఎక్కేముందు

బాక్స్‌లో జీఎల్-4 రకం 80డబ్ల్యూ-90 ఆయిల్, పక్కనున్న ఫిల్లర్ రంధ్రం అంచు వరకు పోయండి. వెనక చక్రాలు గాల్లో ఉండగానే స్టార్ట్ చేసి, అన్ని గేర్లూ వేసి, షాఫ్ట్ అదురుతుందేమో, ఎక్కడైనా కారుతుందేమో చూడండి. తర్వాత కిందికి దించి, ఖాళీ స్థలంలో రెండో గేరులో మెల్లగా కదలండి.

మొదటి 500 మైళ్లు ఊళ్లోనే తిప్పండి. బరువు లాగొద్దు, సిగ్నళ్ల దగ్గర హాఫ్ క్లచ్ మీద నిలబెట్టొద్దు. ఈ బాక్స్ తొందర పెడితే ఒప్పుకోదు. రెండు నుంచి మూడుకి వెళ్లేటప్పుడు న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగితే వెన్నలా పడుతుంది. మొదటి గేరు మాత్రం బండి పూర్తిగా ఆగాకే.

స్పీడోమీటర్‌ని ఫోన్ జీపీఎస్‌తో పోల్చి చూడండి. తేడా వస్తే యాక్సిల్ నిష్పత్తికీ టైర్ల సైజుకీ తగిన పళ్లున్న చిన్న ప్లాస్టిక్ గేరు వేస్తే సరిపోతుంది. 500 మైళ్లయ్యాక ఒకసారి బండి కిందకి వెళ్లి బెల్ హౌసింగ్ బోల్టులు, క్రాస్ మెంబర్ బోల్టులు మళ్లీ బిగించి, పెడల్ ఫ్రీ ప్లే ఇంకోసారి కొలవండి. కొత్త ప్లేటు అరిగి సర్దుకున్నాక అది కచ్చితంగా తగ్గి ఉంటుంది. నాది అర అంగుళానికి వచ్చింది. సర్దుబాటు రాడ్డు నట్టు రెండు చుట్లు తిప్పితే మళ్లీ అంగుళంన్నర అయింది.